మబ్బుకు దారి చెప్పిన సాయంత్రం

మా నాయన మధ్యధరా సముద్రాన్ని చూసి అన్న మొదటి మాట: "ఇన్ని నీళ్ళుండి ఏం లాభం పాపా, ఉప్పే కదా."

నాకు యాభై దాటినా ఆయనకు పాపనే. పంటి డాక్టరు దగ్గర గోడ మీద క్యాలెండర్లో సాంటోరిని దీవి బొమ్మ చూసినప్పటి నుంచి అక్కడికి పోవాలని నా కోరిక. తిరుపతి, బళ్ళారి తప్ప ఇంకో ఊరెరగని నాయనకు కూడా చూపించాలనుకున్నాను. వీసా, టికెట్లు ఎప్పుడో తీసినవి. తీరా బయల్దేరే వేళకు మా ఊరు కంబదూరులో వేరుశెనగ పూత మీదుంది. ఊడలు నేలలోకి దిగే సమయం. ఒక్క వాన పడితే కాయ, లేకపోతే కట్టె. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఆయన ఆ దిగులును విమానం ఎక్కించాడు.

అగ్నిపర్వతం పేలి మిగిలిన దీవి అది. నల్లని కొండ అంచున తెల్లటి ఇళ్ళు, కింద నీలం. నాకు నోట మాట రాలేదు. నాయనకు వచ్చింది. "ఈడ వానలెట్లుండాయో ఆయమ్మను అడుగు."

మా వైపు ఎవరు కలిసినా మొదట అడిగేది అదే. హోటలామెను అడిగాను. ఆగస్టంటే ఇక్కడ నడివేసవి, చుక్క కూడా పడదు, మీ సెలవులకేం ఢోకా లేదని ఆమె గర్వంగా చెప్పింది. తెలుగులో చెప్పేసరికి నాయన ముఖం వాడిపోయింది. చావింటికి పలకరింపుకు వెళ్ళినట్టు ఆమె వైపు చూసి, "అయ్యో, ఎట్ల బతుకుతాండారమ్మా," అన్నాడు. ఆ రోజు నుంచి చెంబు నీళ్ళతోనే స్నానం. నన్నూ షవరు కట్టేయమని తలుపు కొట్టేవాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంత దూరం వచ్చింది చెంబు స్నానానికా?

ద్రాక్షతోట చూపిస్తే కొంచెం దారికొచ్చాడు. అక్కడ పందిళ్ళుండవు. గాలికి తట్టుకునేలా తీగను గంపలా చుట్టి నేల మీదే పెడతారు. రాత్రిపూట పడే మంచు తడితోనే బతుకుతుందట. నాయన చెప్పులు విడిచి, బూడిద మట్టి పిడికెడు తీసుకుని వాసన చూశాడు. బాగుందా అని అడిగాను.

"మనకన్నా అధ్వానంగా ఉండాది," అన్నాడు. ఆ మాటలో మాత్రం కాస్త సంతోషం వినిపించింది.

సాయంత్రం కొండ అంచున జనం. సూర్యుడు సముద్రంలోకి దిగగానే అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ అరచేతులు మండేలా కొట్టాను.

"ఎవురు గెలిచినారు?" అన్నాడు నాయన. ఎవరూ గెలవలేదని, సూర్యుడి కోసమని చెప్పాను. "దుడ్లు పెట్టి ఎండకు చప్పట్లా? మన ఊరికి రమ్మను, దినామూ సూపిస్తా."

మరుసటి సాయంత్రం సూర్యుడు దిగే వేళకు ఎక్కడి నుంచో ఒక నల్లటి మబ్బు అడ్డం వచ్చింది. జనం ఉసూరుమన్నారు. కెమెరాలు దించేశారు. నాయన లేచి నిలబడ్డాడు. భుజం మీది టవలు తీసి నడుముకు చుట్టాడు. ఒక్కడే చప్పట్లు కొట్టాడు. అందరూ మా వైపు తిరిగారు. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

తర్వాత చేతులు జోడించి మబ్బుతో మాట్లాడటం మొదలుపెట్టాడు. "మోడమయ్యా, ఈడ నిన్ను ఎవురూ పిలవల్యా. వీళ్ళకు నువ్వంటే గిట్టదు. కంబదూరికి పో. బస్టాండు దాటినాక ఎడం పక్క మట్టిదోవ. రాతికట్ట చేను మాదే." చేయి మాత్రం సముద్రం వైపు చూపిస్తున్నాడు.

నాకు సిగ్గు ఎటు పోయిందో తెలియదు. లేచి ఆయన చేయి పట్టుకుని వెనక్కి తిప్పాను. "అటు కాదు నాయనా. మనది తూర్పు."

పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు. "నాయనా, మన జిల్లాలోనే పామిడిలో దంచి కొట్టిందంట. మన కాడ నేల కూడా తడవల్యా."

నాయన ఫోన్ పెట్టేసి నన్ను చూశాడు. "నేను దోవ చెప్తాంటే నువ్వు మధ్యలో చేయి తిప్పితివి. దానికి తికమకైంది."

వాన రాకడ ఎవరికి తెలుసని అనబోయి ఊరుకున్నాను. ఆ వంక లేకపోతే ఆయనకు ఏడుపొచ్చేది. నాకూ వచ్చేది.

ఆ సాయంత్రం మళ్ళీ వెళ్ళి కూర్చున్నాం. ఆయన టవలు నడుముకు ముందే చుట్టుకుని వచ్చాడు. ఆకాశంలో దూదిపింజెంత మబ్బు లేదు. క్యాలెండర్లో నేను చూసిన రంగులన్నీ నీళ్ళ మీద పరుచుకున్నాయి. సూర్యుడు దిగాడు. చుట్టూ చప్పట్లు మోగాయి.

మేమిద్దరం కొట్టలేదు.