అక్క కోసం పక్కన పెట్టిన షీటు

ఆ వీధిలో ఆ పళ్ల డాక్టరును వెనకాల అందరూ ‘రబ్బరమ్మ’ అనేవాళ్లు. ఇరుకు మెట్లెక్కి ఆమె క్లినిక్కుకు వెళ్లినవాళ్లు ఎంతటివాళ్లైనా సరే, చిన్న పిప్పిపన్ను పూడ్చాలన్నా నోటికి అడ్డంగా ఆ నీలం రబ్బరు షీటు బిగించుకోవాల్సిందే. షీటుకు చిల్లు పెట్టి, అందులోంచి పాడైన పన్నొక్కదాన్నే పైకి లాగి, దాని మొదట్లో ఉక్కు క్లిప్పు తగిలిస్తుంది. ఇక ఉమ్మి పంటి మీదికి రాదు, పంటి మీదిది గొంతులోకి పోదు.

“ఇదేం గోలండీ, పక్కవీధి డాక్టరు ఇంత దూది కుక్కి చిటికెలో కానిచ్చేస్తాడు” అని ఎవరైనా గొణిగితే, “అయితే అక్కడికే వెళ్లండి” అనేది. చెయ్యి బంగారమే గానీ నోరు మాత్రం అంత మంచిది కాదు.

అంతటి మొండిఘటమూ అక్క దగ్గర మెత్తబడింది.

అమ్మ పోయాక ఆమెకు జడలు వేసి, అన్నం పెట్టి పెంచింది అక్కే. చిన్నప్పుడు దాగుడుమూతలాడుతూ బీరువాలో ఇరుక్కుపోయినప్పటి నుంచీ అక్కకు ముఖం మీద దుప్పటి అంచు పడినా ప్రాణం పోయినంత పనవుతుంది. దవడపన్ను వేరుదాకా పుచ్చిపోయి ఒకరోజు చెల్లెలి క్లినిక్కుకే వచ్చి, కుర్చీలో కూర్చోగానే షీటును చూసి బెదిరిపోయింది.

“ముక్కు మీదికి రాదక్కా. నోటికే. హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు.”

“నీకు దణ్ణం పెడతానే బుజ్జీ, అది మాత్రం వద్దు. నీ చెయ్యి నాకు తెలీదా?”

అక్క తనకు దణ్ణం పెట్టడమేమిటి! ఆమె షీటు తీసి పక్కన పెట్టేసింది. ఒక్కసారికి ఏం కాదులే అనుకుంది. ఊరందరినీ ఒంటికాలి మీద లేచి కసిరే మనిషికి, కసరాల్సిన చోటే నోరు పెగల్లేదు.

షీటు వాడని డాక్టర్లకు వేరే జాగ్రత్త ఒకటి ఉంటుంది. పంటి వేరును గోకే సన్నటి సూదికి దారం కట్టుకుంటారు, జారితే లాగేయొచ్చని. ఆమెకు ఆ అలవాటే లేదు. సూది ఎప్పుడు జారినా షీటు మీదే పడేది, తీసుకుని మళ్లీ పని మొదలుపెట్టేది. ఇన్నేళ్లూ ఆమె వేళ్లు ఆ షీటును నమ్ముకునే పనిచేశాయి.

అక్క పంటి వేరు గోకుతుండగా సూది తడికి జారింది. నాలుక మీద ఒక్కసారి మెరిసింది. అందుకోబోయేలోపే అక్క ఉలిక్కిపడి గట్టిగా ఊపిరి లోపలికి లాగింది.

ఆ తర్వాత ఒకటే దగ్గు. ఆమె అక్కను పక్కకు వంచింది, వీపు చరిచింది, ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తింది. కడుపులోకి పోయి ఉంటే దానంతటదే బయటపడుతుంది. కడుపులోకే పోయుండాలి, కడుపులోకే పోయుండాలి అని దారి పొడుగునా గొణుక్కుంటూనే ఉంది.

ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తిలో వెంట్రుకంత తెల్లటి గీత కనిపించింది.

“గొట్టం దించి తీయడానికి చూస్తాం. అందకపోతే ఛాతీ తెరవాలి,” అన్నాడు అక్కడి డాక్టరు. ఆమె వైపు తిరిగి, “రబ్బరు షీటు వెయ్యలేదా?” అని అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోపే అక్క దగ్గుల మధ్య కూడదీసుకుని, “నేనే వద్దన్నానండీ. దాన్నేమీ అనకండి,” అంది.

అక్క నాలుగు తిట్టినా బాగుండేది. అక్కడే కూలబడి భోరుమనాలనిపించింది గానీ, తాను ఏడిస్తే అక్క ఇంకా బెదిరిపోతుంది.

మత్తు డాక్టరు మాస్కు తెచ్చాడు. అది ముక్కునూ నోటినీ కలిపి మూసేది. అక్క తల అటూ ఇటూ కొట్టుకుంటూ రెండు చేతులతో దాన్ని నెట్టేసింది. మరోసారి పెట్టబోయినా అంతే.

“మీరైనా పెట్టండమ్మా, మీ మాట వింటారేమో,” అన్నాడాయన.

ఆమె మాస్కు అందుకుంది. అక్క చేతులు కిందికి దించేసి, చెల్లెలి ముఖంలోకి చూసింది.

“బుజ్జీ, ఇది ముక్కు మీదికి కూడా వస్తుందే.”

“వస్తుందక్కా,” అని, ఆమె తన చేత్తోనే దాన్ని అక్క ముఖం మీద అదిమిపెట్టింది.