రాజేశం కాకకు చదివి చెప్పిన కార్డు

2010 ఫిబ్రవరి. అప్పుడు నేను జగిత్యాలలో ఒక చేనేత ఎగుమతి సంస్థలో మర్చండైజర్‌ని. బయ్యర్‌కు ఏం కావాలో నేతగాడికి చెప్పడం, నేతగాడు నేసినదానికి బయ్యర్‌ని ఒప్పించడం నా పని. కోరుట్ల నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని, బస్సులు నడిచిన రోజుల్లో. తెలంగాణ కోసం బంద్‌లు, రాస్తారోకోలు, చౌరస్తాల్లో రిలే దీక్షల టెంట్లు. ఆఫీసు అయ్యాక నేనూ టెంట్‌లో కూర్చునేదాన్ని.

అంతకు ముందు ఏడాది జపాన్‌లో సముద్రం ఒడ్డున ఎనిమిదే గదులున్న ఒక ఖరీదైన హోటల్ మాకు కిటికీ తెరలు ఆర్డర్ ఇచ్చింది. వెలుగు రావాలి, కానీ కళ్లలో పడకూడదు. నేను గీసిన డిజైన్ల స్వాచ్‌లు, అంటే నమూనా ముక్కలు, రెండుసార్లు తిరిగొచ్చాయి.

దారి దొరికింది సిరిసిల్లలో. ఊరంతా మరమగ్గాలకు మారినా చేతిమగ్గం వదలని రాజేశం కాకకు అప్పటికి అరవై దాటాయి. ఇంచుకు ఎన్ని పేక పోగులు, అంటే అడ్డపోగులు, పడతాయో ఆ లెక్కను మేం పిక్స్ అంటాం. తెర కింది అంచు దగ్గర ఒత్తుగా మొదలుపెట్టి, పైకి పోయేకొద్దీ ఆయన పిక్స్ తగ్గించుకుంటూ పోయాడు. అలా నేయమని ఎవరూ చెప్పలేదు.

"సముద్రం మీది ఎండ కిందికెళ్లి కొడ్తది గద బిడ్డా. చెరువు కాడ సూస్తలెమా?" అన్నాడు, నీళ్ల మీద పడిన ఎండ కిందినుంచి పైకి తిరిగి కొడుతుందని.

ఆ ముక్క చూసి హోటల్ యజమానురాలు ఆర్డర్ ఖాయం చేసింది. ప్రతి గదిలో ఒక కార్డు పెడతానని, ఈ ఆలోచన ఎవరిదో రాసి పంపమని మెయిల్ పెట్టింది. మా బాస్ సంస్థ పేరు రాయమన్నాడు. నేను నా పేరు కూడా రాశాను. రాజేశం పేరు రాయలేదు. మరిచిపోయి కాదు.

తెరలు వేలాడదీశాక నేసిన మనిషినీ నన్నూ మూడు రాత్రులు అతిథులుగా రమ్మంది. ఎప్పుడో దుబాయ్ పోదామని తీసుకున్న పాస్‌పోర్టు కాక దగ్గర ఉంది. ఆ ఫిబ్రవరిలో మేం బయలుదేరిన రోజు బంద్. సిరిసిల్ల దాటకముందే టెంట్‌లోని ఆడవాళ్లు మా కారుకు అడ్డం నిలబడ్డారు.

కాక దిగి చెప్పాడు. "నేను నేసిన బట్ట జపాన్ల కట్టిన్రట అక్కా. సూసొస్త."

"గట్లనా? పో అన్నా. మన పేరు నిలబెట్టు" అని దారిచ్చారు.

హోటల్ ముందు చెప్పులు విడిచి లోపలికి వెళ్తే గదిలో చాపలు, ఒక బల్ల, గోడంతా కిటికీ. అవతల బూడిదరంగు సముద్రం. యజమానురాలు నడుము వంచి నమస్కరిస్తే కాక ఆమెకంటే కిందికి వంగాడు. రాత్రి చిన్న చిన్న గిన్నెల్లో వచ్చిన చేపలు పక్కకు జరిపి, మూటలో తెచ్చుకున్న మామిడికాయ తొక్కుతో అన్నం తిన్నాడు. పొద్దున్నే లేచి తెర ముందు కూర్చున్నాడు. వెలుగు మెల్లగా పైకి పాకుతోంది.

కిటికీ పక్కనున్న కార్డు చేతిలోకి తీసుకున్నాడు. తెలుగు చదవగలడు. ఇంగ్లిష్ రాదు.

"ఏం రాసిన్రు బిడ్డా?"

"నీ పేరే కాకా."

"ఏది, యాడున్నది?"

నా పేరు మీద వేలు పెట్టి చూపించాను. ఆ అక్షరాల మీద ఆయన తన వేలు జరిపాడు. టీ తెచ్చిన యజమానురాలు ఆయన ఏమంటున్నాడని నన్ను ఇంగ్లిష్‌లో అడిగింది. మీ సముద్రం బాగుందంటున్నాడని చెప్పాను. కార్డు ఇంటికి తీసుకుపోతానని కాక అంటే ఆమె రెండు చేతులతో ఇచ్చింది.

నెల తిరగకుండానే రాజేశం కాక జగిత్యాల ఆఫీసుకొచ్చాడు. మా సంస్థ ఇచ్చిన నూలులో మిగిలినదాన్ని సంచీతో కింద పెట్టి, కార్డు నా టేబుల్ మీద ఉంచాడు. ఆయన కూతురు వీర్నపల్లిలో టీచర్. సెలవుకొచ్చి చదివిందట.

"ఏం రాసిన్రు అని అడిగిన. నీ పేరు లేదు కాకా అంటే అయిపోయేది. నేనేమన్న లొల్లి పెడుదునా? నీ పేరు మీద నా ఏలు పెట్టిచ్చినవ్ గద."

ఆయన మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం టెంట్‌లో మనకు దక్కాల్సింది ఎవరో తిన్నారని మైకులో అంటుంటే అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి ఇంటికి వచ్చేశాను.

హోటల్‌కు నిజం రాశాను. నెలన్నరకు యజమానురాలి నుంచి మా ఆఫీసుకు రాజేశం పేర ఇంగ్లిష్‌లో ఉత్తరం వచ్చింది. కార్డులన్నీ మార్చానని, తనను క్షమించమని ఆయన్ను అడుగుతున్నానని. దాన్ని తెలుగులోకి మార్చి నా చేత్తో రాసుకుని సిరిసిల్ల వెళ్లాను. కాక అప్పటికే మగ్గం విప్పేశాడు. ఒక మరమగ్గాల షెడ్డులో బట్ట మడతలు పెడుతున్నాడు. నేను రాసిన కాగితం వైపు చూసి వెనక్కి నెట్టాడు.

"గిది నీ రాత. ఆమె రాసింది ఇటియ్యి. నా బిడ్డ చదువుతది."

ఆ పనిలో ఇంకో పదకొండేళ్లు ఉన్నాను. బయ్యర్ భాష నేతగాడికి రాదు, నేతగాడి భాష బయ్యర్‌కు రాదు. ఇద్దరికీ మధ్యలో ఉన్నవాళ్ల మాటే దిక్కు. ఒకసారి అబద్ధమాడితే ఆ తర్వాత నిజం పట్టుకెళ్లినా ఎవరూ మన చేతి నుంచి తీసుకోరు. ఇది నాకు తెలిసేసరికి సిరిసిల్లలో ఒక చేతిమగ్గం తగ్గిపోయింది.