మగ్గం ఆపమన్న సైగ

నా చిన్నప్పుడు మేము నగరిలో, మరమగ్గాల షెడ్డు వెనక ఒక్క గదిలో ఉండేవాళ్ళం. మగ్గాలు ఆసామివి. నేసేది మా నాయన. ఆయన ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాక అమ్మ నేసింది. కిటికీ తెరిస్తే పత్తి నుసి, మూస్తే గాలి ఆడదు. నాయన గోడ వైపు తిరిగి దగ్గుతూ పడుకునేవాడు.

ఆ గదిలోంచి బయటపడే దారి మాలో ఒక్కరికే కనిపించింది, మా అన్నకు. బడిలో డ్రిల్లు అయ్యవారు అతనికి బాక్సింగ్ నేర్పారు. తిరుపతిలో జరిగే పోటీలో గెలిస్తే క్రీడల హాస్టల్లో సీటు, తిండి, చదువు. ఓడితే నాయన మగ్గాల దగ్గర నిలబడాలి. ఆసామి ఆ మాట ముందే చెప్పేశాడు. అన్నను చూసి నవ్వాడు కూడా.

"తన్నులు తినేదానికి తిరుపతి దాకా యాలప్పా? ఈడ మేము లేమా?"

అన్న మిగిలిన గుడ్డ పీలికలు చేతులకు చుట్టుకుని, మగ్గాలు ఆగిన వేళల్లో ఇసుక నింపిన గోనెసంచిని కొట్టేవాడు.

పోటీ రోజు నాయనను పక్కింటి అక్కకు అప్పగించి అమ్మా నేనూ అతని వెంట వెళ్ళాం. అమ్మ అంతకు ముందు బాక్సింగ్ చూడలేదు. రేకుల కప్పు కింద జనం, ఉక్క. మొదటి రౌండు అన్నదే. రెండో రౌండులో సూళ్లూరుపేట కుర్రాడు అతన్ని మూలకు తోశాడు. వెనక తాళ్ళు, ముందు దెబ్బలు. అన్న దిక్కు తెలియకుండా చేతులు విసురుతున్నాడు. విసిరిన ప్రతిసారీ ముఖం అవతలివాడికి దొరుకుతోంది. అయ్యవారి కేకలు జనం గోలలో కలిసిపోయాయి.

అప్పుడు అమ్మ బెంచీ ఎక్కి నిలబడింది. మగ్గాల మోతలో మాట వినబడదు కనుక మా ఇళ్ళలో పని మాటలన్నీ చేతులతోనే. అమ్మ పిడికిలి ఎత్తి ఒక్కసారి కిందికి లాగింది. పోగు తెగింది, మగ్గం ఆపు అని దానర్థం. అన్న పుట్టినప్పటి నుంచి చూస్తున్న సైగ అది. అతని చేతులు వాటంతట అవే ఆగాయి. రెండూ ముఖానికి అడ్డం పెట్టుకుని, నిలబడి దెబ్బలు కాచుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. అమ్మే ఓడిపొమ్మని చెప్పిందనుకున్నాను. కాసేపటికి అవతలివాడు అలిసి చెయ్యి దించాడు. అన్న పక్కకు జరిగి, మూలలోంచి బయటికొచ్చాడు.

గెలవలేదు. అప్పటికే పోయిన పాయింట్లు తిరిగి రాలేదు. బస్సులో ముగ్గురం ఒకే సీటులో కూర్చున్నాం. ఎందుకు ఆపమన్నావని నేనే అడిగాను. అన్న వాచిన కంటి మీద తడిగుడ్డ అద్దుతూ అమ్మ చెప్పింది.

"తెగినాక గూడా నడిపితే గుడ్డంతా పోతాది పాపా. ఆపడమంటే ఇడిసిపెట్టడం గాదు. ముడేసుకోని మళ్ళా నడపల్ల."

మర్నాడు పొద్దున అన్న నాయన మగ్గాల దగ్గర నిలబడ్డాడు. ఆసామి వచ్చి చూసి పోయాడు. ఆ ఏడాదంతా గది అదే, దగ్గు అదే. పని అయ్యాక అన్న సంచిని కొట్టడం మాత్రం మానలేదు. మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళి గెలిచాడు. హాస్టల్లో చేరాడు. నాయన అది చూశాడు. ఇంకొన్నేళ్ళకు అమ్మనూ నన్నూ ఆ గదిలోంచి బయటికి తెచ్చింది అతనే. అప్పటికి నాయన లేడు.

అమ్మ పోయి చాలా కాలమైంది. మొన్న వేసవిలో అన్న పోయాడు. అప్పటి నుంచి నేను ఒక్క పుస్తకం తెరవలేదు, ఎవరింటికీ వెళ్ళలేదు. ధైర్యంగా ఉండమని, ఏదో ఒక పనిలో పడమని అందరూ చెబుతున్నారు. వాళ్ళది మంచి మనసే. నేను ఆగి ఉన్నానే గాని వదిలేయలేదు. ఈ తేడా తెలిసినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.