మొన లేని చాకు

మా మావగారు పోయారన్న కబురు మా పాలేరు తెచ్చాడు. నేనప్పుడు గుడ్లవల్లేరులో మా పుట్టింట్లో ఉన్నాను. వాడు వాకిట్లో నిలబడి కండువాతో మొహం తుడుచుకుంటూ, "పెద్దాయన పోయారమ్మా, తెల్లారగట్ట" అన్నాడు. ఏడవాల్సింది పోయి వాణ్ణి నిలదీశాను. నువ్వు కళ్ళారా చూశావా, ఎవరైనా చెబితే పరిగెత్తుకొచ్చావా, నాడి ఎవరు చూశారు అని. వాడు బిత్తరపోయాడు. అలా అడగడం నాకు మావగారే నేర్పారు. ఊళ్ళో ఎవరు పోయారని చెప్పినా ఆయన ముందుగా వేసే ప్రశ్నలవే. బస్సు చల్లపల్లి దాటాక కూడా నాకు ఆ కబురు మీద అనుమానం పోలేదు. ఇంటికి వెళ్ళి, వాకిట్లో పడుకోబెట్టిన మనిషిని చూశాకే నమ్మాను. అప్పుడు ఏడ్చాను.

మాది దివిసీమలో, అవనిగడ్డ దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊరు. మావగారికి కొద్దిపాటి మాగాణి, నాలుగు గొడ్లు, బోలెడంత అనుమానం ఉండేవి. మబ్బు పట్టినా అనుమానమే, పట్టకపోయినా అనుమానమే. పంచాయతీ రేడియోలో వాతావరణం సంగతి చెబుతుంటే తల అడ్డంగా ఊపేవారు. "ఎక్కడో గదిలో కూచుని చదువుతున్నాడు. ఆడి గొడ్డేమన్నా ఇక్కడుందా?" అనేవారు. కొత్త గొడుగు కొన్నా, కొత్త పలుగు కొన్నా వెంటనే వాడరు. కొన్నాళ్ళు పక్కన పెట్టుకుని తిప్పి తిప్పి చూస్తారు. ఎందుకండీ అంటే ఒకటే మాట.

"ఇది ఇంకా అంగడాడిదేనమ్మా. మనది అవ్వలేదు."

నేను కాపరానికి వచ్చినప్పుడు నన్ను కూడా అలాగే తిప్పి తిప్పి చూశారని నా అనుమానం.

అత్తగారు అప్పటికే లేరు. ఇంట్లో మావగారు, మా ఆయన, ఇంకా చదువుకుంటున్న మా మరిది. అలాంటి ఇంటికి నేను ఒట్టి చేతులతో రాలేదు. అన్నయ్య అరణంగా గేదెనిచ్చాడు. నల్లగా నిగనిగలాడే గేదె, నుదుటి మీద తెల్లచుక్క. దాని మెడకి అన్నయ్య కమ్మరి దగ్గర కూర్చుని మరీ చేయించిన ఇనప గొలుసు. అత్తవారింట్లో ఇది నాది అని చెప్పుకోవడానికి నాకున్నది ఆ గేదె ఒక్కటే. చీరలు చిరుగుతాయి, నగలు అవసరానికి తాకట్టుకి వెళ్తాయి. గేదె అలా కాదు. పాలిస్తుంది, ఈనుతుంది, దాని దూడ కూడా నాదే అవుతుంది. నన్ను సాగనంపుతూ అన్నయ్య, "గొలుసు మాత్రం తియ్యనివ్వకే. తాడైతే ఎవడైనా కోసి తోలుకుపోతాడు" అని మరీ మరీ చెప్పాడు.

వచ్చిన కొత్తల్లోనే మావగారు గొడ్లపాక ముందు నిలబడి, "అమ్మాయ్, ఆ గొలుసు తీసేసి పలుపు వేద్దాం" అన్నారు. పలుపంటే మెడకి కట్టే తాడు.

"ఎందుకండీ మావయ్యగారూ?" అన్నాను తలుపు చాటు నుంచి.

"తాడే మంచిది."

"గొలుసుకేమైందండీ? మా అన్నయ్య చేయించాడు. తియ్యొద్దండీ."

ఆయన తూర్పు వైపు చూశారు, తలుపు వైపు చూశారు, ఏమీ అనకుండా చేలోకి వెళ్ళిపోయారు. మనిషి ఏమీ అనకుండా వెళ్ళిపోతే కొత్తకోడలు ఏమనుకోవాలి? నేను అనుకోవాల్సిందే అనుకున్నాను.

తరవాత కొన్నాళ్ళకి బందరు వెళ్ళి మడత చాకు కొనుక్కొచ్చారు. పాతది కాలవలో పడిపోయిందట. కొట్టువాడి చేత ఉన్న చాకులన్నీ తెరిపించి, ఒక్కొక్కదాన్నీ గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుని విన్నారని, చివరికి కొట్టువాడు దణ్ణం పెట్టేశాడని, వెంట వెళ్ళిన మా ఆయన చెప్పి నవ్వారు. చూడముచ్చటైన చాకు. కొమ్ము పిడి, ఇత్తడి రివిట్లు, సూదిలాంటి మొన. అంచు మీద వేలు పెట్టాలంటే భయం వేసేంత పదును. అంత మంచి చాకు చేతికొస్తే ఎవరైనా ఏం చేస్తారు? వక్కలు చీల్చుకుంటారు, మామిడికాయ కోసుకుంటారు, నలుగురికీ చూపించుకుంటారు.

మావగారు ముందు దాని మొన అరగదీశారు.

ఆకురాయి పుచ్చుకుని, చాకుని అరుగు అంచుకి ఆనించి, పొద్దున్న మొదలుపెట్టి భోజనాల వేళకి ఆ సూదిమొనని బొటనవేలి గోరులా గుండ్రంగా చేసేశారు. నాకు ప్రాణం ఉసూరుమంది. మర్నాడు రాయి తీశారు. సరే, పదును పెడతారు కాబోలనుకున్నాను. ఉన్న పదును తీసేశారు! నున్నటి సానరాయిని పక్కన పెట్టి, కొడవళ్ళు నూరే గరుకు రాయి మీద అంచుని మెల్లగా లాగారు. మధ్యమధ్య బొటనవేలితో అడ్డంగా తడిమి చూసుకున్నారు. అంచు నున్నగా జారకూడదట, వేలికి గరగరమని తగలాలట. ఆ తరవాత పాత తాడు ముక్కని నీళ్ళలో నానబెట్టి దాని మీద చాకు పెట్టి లాగారు. కొన్న రోజు పదునుతో ఇలాంటి తడి తాడు మీదే చాకు జారిపోవడం నేను చూశాను. ఇప్పుడు చటుక్కున పట్టుకుని కోసేసింది.

"ఇప్పుడు పళ్ళొచ్చాయి" అని తనలో తనే అనుకున్నారు.

తాడు తెంపే చాకు. అది తప్ప ఇంకో పనికి రాని చాకు. నేను వంటింటి కిటికీలోంచి అంతా చూస్తూనే ఉన్నాను.

అంతటితో ఆగలేదు. తెరవడానికి గోరు పెట్టే గాడిని ఆకురాయితో లోతు చేశారు. బిగుతుగా ఉన్న రివిటు చుట్టూ ఆముదం పోసి, తెరిచి మూసి, తెరిచి మూసి వదులు చేశారు. కాల్చిన చువ్వతో పిడికి బెజ్జం పెట్టి, జనపతాడు కట్టి ముంజేతికి తగిలించుకున్నారు. ఆ పైన చేసిన పని చూశాక నాకు అన్నం సయించలేదు. కుడితి గోళెంలో చేతులు ముంచి, ఆ జారుడు చేతులతో, కళ్ళు గట్టిగా మూసుకుని, చాకు తెరవడం అలవాటు చేసుకున్నారు. కళ్ళు మూసుకుని చాకు తెరవాల్సిన అవసరం ఎవరికుంటుంది చెప్పండి? చీకట్లో పని ఉన్నవాడికే కదా.

పక్కింటావిడ కాలవరేవులో బిందె ముంచుతూ నా చెవిన ఇంకో మాట వేసింది. "మీ మావగారు నిన్న మా పాకలోకొచ్చి గొడ్ల పలుపు ముళ్ళన్నీ తడిమి చూసెళ్ళాడే అమ్మాయ్. ఆ వాలకం నాకేం నచ్చలా."

"ఏమన్నా అన్నారా అండీ?"

"అంటే బాగానే ఉండును. ఆయన నోట్లోంచి మాట ఊడిపడితేగా!"

మా ఆయన్ని అడిగాను. "నాన్న అంతే. అడిగినా చెప్పడు" అని కండువా దులుపుకుని వెళ్ళిపోయారు. ఆ ఇంట్లో కండువా దులుపుకోవడం అందరికీ వచ్చు.

ఒకరోజు గేదెని కడుగుతూ గొలుసు పట్టుకుంటే చేతికి మెత్తగా తగిలింది. మెడ చుట్టు దాటగానే ఒక లంకె లేదు. దాని చోట బెత్తెడు జనపతాడు, రెండు వైపులా బిగించి ముడివేసి ఉంది. మట్టి కూడా పూశారేమో, దూరం నుంచి చూస్తే గొలుసు గొలుసులాగే ఉంది. నా ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు మొదటిసారి తలుపు చాటు వదిలి అరుగు మీదికి వచ్చాను.

"మావయ్యగారూ, నా గేదె గొలుసు ఎవరు తెంపారండీ?"

"నేనే."

"నాకు చెప్పకుండానా?"

"చెప్పానుగా. వద్దన్నావు."

"ఏం చేద్దామనండీ దాన్ని? ఎవరికైనా తోలేద్దామనా?"

మా ఆయన గుమ్మంలో కొయ్యబారిపోయారు. పెద్దాయన విరుచుకుపడతారనుకున్నాను. ఆయన రొంటిన దోపుకున్న ఆ లంకె తీసి నా ముందు అరుగు మీద పెట్టారు. ఇనప వస్తువేదీ ఆయన చేతికివ్వరు. చేతికిస్తే తగాదాలొస్తాయని, కింద పెడతారు, మనం తీసుకోవాలి.

"నీ గేదె. నీ గొలుసు. కావాలంటే కమ్మరి చేత అతికించుకో. నేనడ్డం రాను" అన్నారు.

ఎందుకు తెంపారో మాత్రం చెప్పలేదు. లంకె తీసుకుని పెట్టెలో చీరల అడుగున దాచాను. కమ్మరి దగ్గరికి పంపిస్తానని మా ఆయన బతిమాలారు. నేను ఒప్పుకోలేదు. అన్నయ్య రావాలి, తన కళ్ళతో చూడాలి, అప్పటిదాకా ఆ తాడు ముక్క అలాగే ఉండాలి. సాక్ష్యం చెరిపేసుకునేంత తెలివితక్కువదాన్ని కాదు.

అన్నయ్య రాకముందే గాలివాన వచ్చింది.

తెల్లవారేసరికి గాలి ఊళలు వేస్తోంది. మధ్యాహ్నానికి గొడ్లపాక కప్పు సగం లేచిపోయింది. నీళ్ళు చేల మీదుగా వచ్చాయి, చప్పుడు లేకుండా. నోట్లో పడితే ఉప్పగా ఉన్నాయి. వాకిట్లో మోకాలి లోతున్న నీళ్ళు చూస్తుండగానే మొల దాకా వచ్చాయి. గొడ్లు మోరలెత్తి అరుస్తున్నాయి. లాగి లాగి ముళ్ళు బిగుసుకుపోయాయి. నానిన ముడి ఏ మనిషి వేళ్ళకీ ఊడదు. మావగారు ఆ నీళ్ళలో పాక గుంజలు పట్టుకుంటూ లోపలికి వెళ్ళారు. వాన మొహాన రాళ్ళలా కొడుతోంది, రెప్పలెత్తడానికి లేదు. ఆయన కళ్ళు మూసుకునే చాకు తెరిచారు. చూరు పట్టుకుని నిలబడ్డ నాకు అప్పుడు అర్థమైంది.

ముందు నా గేదె దగ్గరికే వెళ్ళారు. అది బెదిరి తల విసురుతోంది. ఆ మొద్దు మొనని దాని మెడకీ తాడు ముక్కకీ మధ్య దూర్చి లాగారు. మెడ మీద గీత కూడా పడలేదు. తాడు తెగింది. అది కరకట్ట వైపు ఈదుకుంటూ పోయింది. తరవాత మిగతా గొడ్లు, తరవాత పక్కింటి పాక. తండ్రి వెనకే మా ఆయనా నీళ్ళు తోసుకుంటూ వెళ్ళారు.

నీళ్ళు తీశాక గొడ్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. నాది అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది, ఒళ్ళంతా బురదతో, మెడలో మిగిలిన లంకెలు గలగలమంటూ. వీధి చివర గొలుసులతో కట్టిన గొడ్లు కట్టిన చోటే పోయాయి. నేను పెట్టె తెరిచి ఆ లంకె తెచ్చి ఆయన ముందు అరుగు మీద పెట్టాను. ఆయనే అన్నారు.

"కుర్రతనంలో ఓసారి ఇట్టాగే వచ్చిందమ్మా. కంగారులో సూదిమొన చాకుతో పలుపు కొయ్యబోయాను. ఎద్దు తల విదిలించింది. మెడలో దిగిపోయింది." లంకె చేతిలోకి తీసుకుని, "మంచి ఎద్దు" అన్నారు.

"ఈ మాట ముందే చెబితే ఏం పోయేదండీ?"

"అట్టాంటివి నోటితో అనకూడదు. అంటే వింటది" అని గడ్డంతో తూర్పున సముద్రం వైపు చూపించారు.

"ఎవరికో తోలేస్తారనుకున్నానండీ."

"తెలుసు. కిటికీలోంచి చూస్తానే ఉన్నావుగా." నేను వచ్చాక ఆయన నవ్వగా చూడడం అదే మొదలు. "అనుమానం ఉండాల. నీ గొడ్డు సంగతిలో నాకంటే నీకే ఎక్కువుండాల."

నేను అనుమానించడం తప్పని ఇప్పటికీ అనుకోను. నా పట్టుదలే లేకపోతే మా ఆయన ఆ లంకె అతికించేసేవారు, గేదె నీళ్ళపాలయ్యేది. ఆ మాట అంటే మావగారు కూడా ఒప్పుకున్నారు. గొలుసు మళ్ళీ అతకలేదు. ఆ గేదె దూడలూ, వాటి దూడలూ అన్నీ తాడుతోనే పెరిగాయి. ఏటా వానలు ముదిరే ముందు ఆయన ఆ చాకుని గరుకు రాయి మీద నాలుగు లాగులు లాగేవారు. నేను ముళ్ళు తడిమి చూసేదాన్ని. ఇద్దరం అరుగు మీద నిలబడి ఆకాశాన్ని అనుమానంగా చూసేవాళ్ళం. ఆ చాకుతో కోసిన మామిడికాయ ముక్క ఎలుక కొరికినట్టుండేది. అయినా మెచ్చుకుంటూ తినేదాన్ని. నాది అన్న వస్తువుని నాదేనని ఆ ఇంట్లో ముందుగా ఒప్పుకున్న మనిషి ఆయన. ఆ రుణం నాకుంది. మా నాన్న పోయినప్పుడు ఎంత ఏడ్చానో ఈయనకీ అంతే ఏడ్చాను.

నోటితో అనకూడదన్నారు గానీ రాయకూడదని ఆయన ఎప్పుడూ అనలేదు. అందుకే మీకు రాస్తున్నాను.

దినాలయ్యాక మా ఆయన తండ్రి మీద ప్రేమ కొద్దీ ఆ చాకుని బందరు తీసుకెళ్ళి చక్రం మీద సాన పట్టించి తెచ్చారు. అద్దంలా తళతళలాడుతోంది. దాన్ని తెచ్చి మావగారు కూర్చునే చోట, అరుగు మీద పెట్టారు. వచ్చినవాళ్ళంతా చూసి బాగుందన్నారు. ఎవరూ తియ్యలేదు. అందరూ వెళ్ళాక నేను తీసి బొటనవేలితో అంచు తడిమాను. నున్నగా జారిపోయింది. ఇది మళ్ళీ అంగడివాడిదైపోయింది.

గరుకు రాయి తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాను.

మా మరిదికి ఈమధ్యే పెళ్ళైంది. ఆయన భార్య వంటింటి కిటికీలోంచి, "అక్కయ్యా, అంత మంచి పదును ఎందుకండీ పాడుచేస్తున్నారు?" అని అడిగింది. ఆ పిల్ల పుట్టింటి నుంచి తోలుకొచ్చుకున్న ఆవు పాకలో ఉంది, మెడలో కొత్త గొలుసుతో. నేను తూర్పు వైపు చూశాను. ఆవు మెడ వైపు చూశాను. ఏమీ చెప్పకుండా చాకుని రాయి మీద లాగాను.

కిటికీ రెక్క మెల్లగా దగ్గరికి పడింది. మిగిలిన సందులోంచి రెండు కళ్ళు నా చేతుల్నే చూస్తున్నాయి.