సాంబయ్య తెచ్చిన గాలపు దారం

2022 జూన్, మృగశిర కార్తెకు ముందు రోజు. హన్మకొండలోని మా పత్రిక ఆఫీసులో మధ్యాహ్నం మీటింగ్ ముగించుకుని డెస్క్ దగ్గర కూర్చున్నాను. అరవై దాటిన ఒకాయన నేరుగా వచ్చి, మడిచిన ఆదివారం పేజీని నా ముందు పెట్టాడు. కుడి చూపుడువేలికి గుడ్డ కట్టుంది.

“గిది రాసింది నువ్వేనా సారూ?”

“నేనే.”

“నీ రాత నమ్మి పెద్ద చేపను పోగొట్టుకున్న. తప్పు రాసినమని రేపు పేపర్ల ఎయ్యి.”

ఆయన పేరు సాంబయ్య. కాశిబుగ్గలో జంపఖానాలు నేస్తాడు. ఆ పేజీలో ఉన్నది గాలపు దారాల మీద నేను రాసిన ఫీచర్, అంటే తీరికగా చదువుకునే కథనం. పాతకాలపు నూలు దారం నీళ్లు పీల్చి బరువెక్కుతుందని, ఆరబెట్టకపోతే కుళ్లుతుందని రాశాను. మోనోఫిలమెంట్, అంటే ఒకే పోగుగా తీసిన నైలాన్ దారం, నీళ్లలో కనబడదని, చేప గుంజితే కొంత సాగి కుదుపును తట్టుకుంటుందని రాశాను. చివర బ్రెయిడ్ గురించి. సన్నని పోగులను జడలా అల్లిన దారం అది. సాగదు, కుళ్లదు, కుట్టుదారమంత సన్నగా ఉండి కూడా లావు నైలాన్ మోసే బరువు మోస్తుంది. ఈ చివరి మాట చదివే సాంబయ్య దుకాణానికి వెళ్లి ఒక చుట్ట కొన్నాడు.

సవరణ అంటే అచ్చయిన తప్పును పత్రికే ఒప్పుకునే నాలుగు లైన్లు. నా ఏ కథనానికీ అప్పటిదాకా సవరణ పడలేదు. అయితే సాంబయ్య బాధ అంతకన్నా పెద్దది.

“రేపు మిర్గం. ముప్పై ఏండ్లసంది మా ఇంట్ల మిర్గం నాడు నా గాలానికి పడ్డ చేపనే ఒండుతరు. బజార్ల కొన్నది పొయ్యి ఎక్కలే. నిన్నటిసంది నా బామ్మర్ది ఓదెలు ఒకటే నవ్వుతాండు. ‘బావా, మార్కెట్ల కిలో తెమ్మంటవా’ అంటాండు.”

“దారం తెగిందా కాకా?”

“తెగకపోతే చేప ఎట్ల పోతది?”

కొస చూపించమన్నాను. జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. కళ్లద్దాలు సర్దుకుని కొసను రెండు వేళ్ల మధ్య తిప్పాడు. మరోసారి తిప్పాడు. ఆయన మాట నెమ్మదించింది.

“తెగిన దారమైతే కొసకు పోగులు విచ్చుకోవాలె. ఇది స్ప్రింగు లెక్క చుట్టుకున్నది.” కొసను నా ముందుకు జరిపాడు. “తెగలే సారూ. ముడి జారింది.”

ఆయన ఇన్నాళ్లూ వాడింది మగ్గం మీద మిగిలిన నూలును మూడు పేటలుగా పురిపెట్టి, కుళ్లకుండా తుమ్మచెక్క కషాయంలో నానబెట్టిన దారం.

“నూలుకు నూగుంటది. ఒక పోగు ఇంకో పోగును పట్టుకుంటది. దీనికేమో నూగు లేదాయె. దినమంతా దారాలు ముడేసేటోన్ని, ఈ జర్ర ముచ్చట తెల్వకపాయె.”

జేబులో ఉన్న ఇంకో గాలాన్ని నా సొరుగు పిడికి తగిలించాడు. పాత ముడి వేసి, చేతికి రుమాలు చుట్టుకుని గుంజాడు. సబ్బు రాసినట్టు జారిపోయింది. మెలికలు పెంచి వేశాడు. కొద్దిగా ఆగి అదీ జారింది. మూడోసారి దారాన్ని రెండు పేటలుగా మడిచి గాలం కన్నులోంచి తీశాడు. ముడి వేసి, మిగిలిన ఉచ్చులోంచి గాలాన్నే దూర్చి, నాలుకతో తడిపి బిగించాడు. గుంజాడు. సొరుగు మొత్తం ఊడి కిందపడింది. నా కాగితాలన్నీ గది నిండా పరుచుకున్నాయి. డెస్క్‌లో అందరూ లేచి నిలబడ్డారు.

“పట్టింది,” అన్నాడు సాంబయ్య.

ఇంత చూశాక ఆఫీసులో కూర్చోబుద్ధి కాలేదు. మర్నాడు పొద్దున్నే, ఆయన చెప్పిన మామునూరు దారిలోని చెరువు దగ్గరికి వెళ్లాను. సాంబయ్య గట్టు మీద ఉన్నాడు. మొదటిసారి చేత్తో లాగినప్పుడు సన్నని దారం వేలు కోసిందట. ఈసారి వేళ్లకు జంపఖానా పీలికలు చుట్టుకున్నాడు. పక్కనే ఓదెలు ఉత్త సంచి పట్టుకుని నవ్వుతున్నాడు.

రెండుసార్లు ఎరగా పెట్టిన తవుడు ముద్దను చిన్న చేపలు తినిపోయాయి. ఎండ ముదురుతోంది. మూడోసారి దారం పక్కకు పరుగు తీసింది. సాంబయ్య లేచి నిలబడ్డాడు.

“తల ఊపినా తెలుస్తాంది సారూ. ఫోన్ల మాట్లాడినట్టే ఉన్నది.”

సాగని దారం కావడంతో చేప కదలికలన్నీ ఆయన చేతికి అందుతున్నాయి. కానీ కుదుపును తట్టుకునే సాగుడు లేదు. అది గుంజినప్పుడల్లా వేళ్ల మధ్య నుంచి దారం వదులుతున్నాడు.

“గుంజు బావా, పోతాంది.”

“గుంజితె మూతి చినుగుతది. నువ్వు ఊకో.”

చేప చెరువు మధ్యకు రెండుసార్లు వెళ్లి, మూడోసారి వెండిలా మెరిసే పక్క చూపిస్తూ ఒడ్డుకొచ్చింది. పెద్ద బొచ్చె చేప. ఓదెలు మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, మొప్పల్లో వేళ్లు పెట్టి పైకెత్తాడు.

“ఈ సంచిల పట్టదే బావా.”

సాంబయ్య సవరణ మాట మళ్లీ ఎత్తలేదు. నేనే మరుసటి ఆదివారం ఆ ముడి వేసే తీరును బొమ్మలతో వేయించాను. రాసిన వాక్యాల్లో తప్పు లేదు. అయినా దారం మారితే చెయ్యి కూడా తీరు మార్చుకోవాలన్న మాట అందులో లేదు. అది రాసేటప్పుడు అమ్మేవాళ్లను అడిగాను, పట్టేవాళ్లను అడిగాను. పాతది వదిలి కొత్తదానికి మారినవాళ్లను ఒక్కరినీ అడగలేదు.

ఇప్పుడు ఏ కొత్త వస్తువు గురించి రాసినా అలాంటి మనిషిని ఒకరిని వెతుక్కుంటాను. మొదటి రోజు ఏం చెడిపోయిందని అడుగుతాను. చాలామంది మొహమాటపడి మాట మారుస్తారు. వాళ్లు చెప్పేదాకా కూర్చుంటాను.