సొంత కొడుకుని గెంటెయ్యమన్న నార్బ్ డోంబెక్

అమెరికాలో బఫెలో ఊరి చుట్టుపక్కల నార్బర్ట్ డోంబెక్‌ని ముఖం చూసి గుర్తుపట్టేవాళ్ళు తక్కువ, గొంతు విని గుర్తుపట్టనివాళ్ళు లేరు. ఎన్నో ఏళ్ళుగా పిండిమిల్లులో మోటార్లు బాగుచేస్తున్నాడు. ఆ మోతలో అరిచి అరిచి అలవాటైపోయి, చర్చిలో ఫాదర్ చెవిలో చెప్పుకోవలసిన పాపసంకీర్తనం కూడా వెనక బెంచీల దాకా వినపడేలా చెప్పేవాడు. రోజూ పొద్దున్న మిల్లు విరామంలో క్రీడల రేడియోకి ఫోన్ చేసి, మన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఎవణ్ణి ఉంచాలో, ఎవణ్ణి ఊడబెరకాలో చెప్పేవాడు. ఉండే ఊరి పేరు కలిపి, రేడియోలో అతని పేరు లాకవానా నార్బ్. ఒక్కణ్ణీ మెచ్చుకున్న పాపాన పోలేదు. మావాళ్ళు జట్టుని ప్రేమించే పద్ధతే అది, దుమ్మెత్తిపోయడం. నార్బ్ అందులో అందరికన్నా నాలుగాకులు ఎక్కువే చదివాడు.

జనవరిలో మళ్ళీ ఓడిపోయాం. ఎదుటి జట్టులో బంతి విసిరేవాడు, అదే క్వార్టర్‌బ్యాక్, బంతి పట్టుకుని, బస్సు కోసం చూసేవాడిలా తీరిగ్గా నిలబడి, ఎవరికి విసరాలో ఎంచుకున్నాడు. అతని మీదికి దూసుకెళ్ళి పడగొట్టే మొనగాడు మనకి లేడు. ఆ వేసవి అంతా ఊళ్ళో ఇదే గొడవ. ఎవణ్ణి కొనాలి, ఎవణ్ణి ఇచ్చి ఎవణ్ణి తెచ్చుకోవాలి? శుక్రవారం వేయించిన చేప తింటూ అన్నదమ్ములు కూడా ఈ మాట మీద తిట్టుకున్నారు.

ఇరీనా నడిపే బార్‌లో ఈ గొడవలకి ఒక కట్టుబాటు ఉండేది. జట్టులో యాభై ముగ్గురికే చోటు. కాబట్టి ఒకణ్ణి తెమ్మన్నవాడు, ఎవణ్ణి గెంటాలో కూడా అదే నోటితో చెప్పాలి. అదీ ఆ వచ్చేవాడి పనే చేసేవాళ్ళలోంచి. చెప్పలేకపోతే నోరు మూసుకుని కూర్చోవాలి. ఈ కట్టుబాటు పెట్టింది నార్బే. "సెంటిమెంట్లు చర్చిలో చూసుకోండి, ఇక్కడ కాదు" అనేవాడు. కుంటుతూ ఆడిన ఒక పాత ఆటగాణ్ణి ఊరంతా నెత్తిన పెట్టుకుంటే, "ముసలాణ్ణి ఇంటికి పంపండి" అని వారం రోజులు రేడియోలో ఒంటికాలి మీద లేచింది కూడా ఇతనే.

చిక్కేమిటంటే, మూడేళ్ళ నుంచి ఆ జట్టులో క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టే పని చేసేవాళ్ళలో ఆఖరివాడు అతని కొడుకు కాసిమిర్. అందరూ కాజ్ అంటారు. కాలేజీ నుంచి ఏ జట్టూ పిలవకపోతే, తనే వెళ్ళి తలుపు తట్టి, దెబ్బలు తిని చోటు సంపాదించుకున్నాడు. నార్బ్ రేడియోలో అందరినీ చీల్చి చెండాడేవాడు గానీ కొడుకు పేరు ఎత్తేవాడు కాదు. అది అందరూ గమనించారు. అందరికన్నా ఎక్కువగా గమనించినవాడు డ్వేన్ ఫిట్జ్‌గిబన్. అగ్నిమాపక దళంలో పనిచేస్తాడు, నోటితో మాత్రం మంటలు పెడతాడు. ఆ పాత ఆటగాణ్ణి వెనకేసుకొచ్చి నార్బ్ చేత నలుగురిలో చీవాట్లు తిన్నాడు. అది కడుపులో పెట్టుకున్నాడు.

ఆగస్టు చివర, జట్టులోంచి ఎవరిని తీసేస్తారో తేలే వారంలో, రేడియోవాళ్ళు ఇరీనా బార్‌లోనే మైకులు పెట్టి కార్యక్రమం నడిపారు. బార్ కిటకిటలాడిపోయింది. నార్బ్ మైకు అందుకుని, పడమటి తీరం జట్టు నుంచి స్ట్రిక్లర్ అనే మొనగాణ్ణి తెమ్మన్నాడు. "వాడొక్కడు చాలు! ఎదుటివాడికి చెమటలు పట్టిస్తాడు!"

"తెద్దాం గురూ, తెద్దాం" అన్నాడు డ్వేన్ వెనకనుంచి. "మరి ఎవణ్ణి గెంటుతావ్?"

"ప్రూయిట్‌ని."

"మన ప్రూయిట్ పోయినేడు క్వార్టర్‌బ్యాక్‌లని ఆరుసార్లు పడగొట్టాడు. నీవాడు ఎన్నిసార్లు?"

బార్‌లో నవ్వులు లేచాయి. "నా వాడి సంగతి ఎందుకిప్పుడు?" అన్నాడు నార్బ్.

"ఎందుకా? కట్టుబాటు ఎవడు పెట్టాడ్రా? ఊళ్ళోవాళ్ళ పిల్లలైతే కత్తి తీస్తావ్. నీ ఇంటికొచ్చేసరికి తోక ముడుస్తావా?"

"తోక! తోక!" అని ఎవరో బల్ల చరిచారు. పదిమంది అందుకున్నారు.

అప్పుడైనా మైకు కింద పెట్టేసి, "అవునయ్యా, వాడు నా కొడుకు, నేను చెప్పను" అంటే ఏం పోయేది? ఒక వారం ఎగతాళి చేసేవాళ్ళు. అంతే కదా. కానీ లాకవానా నార్బ్ ఎవరి దగ్గరా మాట పడడు. ముఖం ఎర్రబడింది.

"సరే, వినండి! కాజ్ డోంబెక్‌ని తీసెయ్యమనండి. నా కొడుకే. నేనే చెప్తున్నా. నెమ్మది. మొదటి అడుగు ఆలస్యం. ఎడమ మోకాలు ఆడిన ప్రతిసారీ వాచిపోతోంది. వాళ్ళమ్మ దగ్గరికొచ్చి తొట్టెలో ఐసు పోసుకుని కూర్చుంటాడు. జట్టు డాక్టర్లకి చెప్పడు. నేను కళ్ళారా చూశా. చాలా? ఇప్పుడు నవ్వండి!"

ఎవరూ నవ్వలేదు. డ్వేన్ కూడా తల దించుకున్నాడు. "నార్బ్, ఇదంతా రేడియోలో వెళ్ళిపోయింది" అంది ఇరీనా. అతను అప్పుడు గానీ చేతిలోని మైకు వంక చూసుకోలేదు.

మర్నాడే జట్టువాళ్ళు కాజ్‌ని స్కానింగుకి పంపారు. మోకాలికి పెద్ద ప్రమాదం లేదని తేలింది, అయినా తీసేశారు. ముప్పైకి పైగా జట్లున్నాయి, ఒక్కటీ ఫోన్ చెయ్యలేదు. మోకాలి కథ అందరూ విన్నారు మరి. చివరికి పాత జట్టే, ఆటలో దిగే హక్కు లేని సాధన బృందంలోకి తీసుకుంది. స్ట్రిక్లర్‌నైతే ఎవరూ తేలేదు.

ఇంట్లో భార్య బెర్నడెట్ గొంతు పెంచలేదు. "వాడు మోకాలు దాచింది డాక్టర్ల దగ్గర. నీ దగ్గర దాచలేదు. తండ్రివి కదా అని నీ ఎదురుగానే ప్యాంటు పైకి మడిచి చూపించాడు" అంది. "ఊరందరి ముందూ గెలిచావుగా. హాయిగా పడుకో." కొడుకు అద్దెకుంటున్న ఇంటికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. నార్బ్ ఫోన్ చేస్తే కాజ్ తియ్యలేదు. ఒకసారి గుమ్మం దాకా వెళ్ళాడు. కొడుకు తలుపు సగమే తీసి, "రేడియోకి ఫోన్ చెయ్యి నాన్నా. నీ మాట వాళ్ళకి కావాలి" అని వేసేశాడు.

నార్బ్ రేడియోకి ఫోన్ చెయ్యడం మానేశాడు. ఇరీనా బార్‌కి మాత్రం వెళ్ళేవాడు. ఇంట్లో ఉండలేక.

నవంబరులో ప్రూయిట్ భుజం విరిగింది, అతని వెనకవాడి మడమ తిరిగింది. ఆదివారం సాయంత్రం దేశమంతా చూసే ఆటలో కాజ్‌ని సాధన బృందంలోంచి తెచ్చి మొదటి వరసలో దింపుతున్నారని తెలిసింది. నార్బ్ గడ్డం గీసుకుని, శుభ్రమైన చొక్కా తొడుక్కుని వచ్చాడు. "ఈరోజు నా పేరు దేశమంతా వింటుంది" అని ఇరీనాతో రెండుసార్లు అన్నాడు. అలాంటి ఆటల్లో టీవీవాళ్ళు, దిగేవాళ్ళలో ఎవరి పేరు వాళ్ళ చేతే చెప్పిస్తారు. ముందు పేరు, ఇంటిపేరు, తర్వాత చదివిన కాలేజీ.

ఒక్కొక్కరూ చెప్పుకుంటూ వచ్చారు. కాజ్ ముఖం తెర నిండా కనపడింది. అచ్చం తండ్రి గడ్డమే.

"కాజ్. బెర్నడెట్ కొడుకుని."

అంతే. తర్వాతి ఆటగాడు వచ్చేశాడు. నార్బ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. డ్వేన్ ఏదో అనబోతే ఇరీనా కళ్ళతోనే ఆపేసింది.

ఆట రెండో సగంలో కాజ్ తన కన్నా బరువైనవాణ్ణి పక్కకి నెట్టి, వంగి, క్వార్టర్‌బ్యాక్ నడుం పట్టి నేలకేసి కొట్టాడు. అరుపులకి బార్ పైకప్పు ఎగిరిపోయినంత పనైంది. బీరు ఒలికింది, ముక్కూ ముఖం తెలియనివాళ్ళు కావలించుకున్నారు. డ్వేన్ కుర్చీ ఎక్కి అరిచాడు, "డోంబెక్! డోంబెక్!" బార్ అంతా అందుకుంది. నార్బ్ వీపు మీద చరిచినవాళ్ళూ ఉన్నారు.

అతను ఎప్పటిలా అరవలేదు. డ్వేన్ మోచెయ్యి పట్టుకుని కిందికి లాగాడు.

"ఆ పేరుతో పిలవకండ్రా" అన్నాడు. "వాడు చెప్పుకోలేదు కదా."