టేకు బల్ల మీద మిరప నారు

నిన్న కారేపల్లి దారిలో ఒక నర్సరీ దగ్గర బస్సు ఆగితే, షేడ్‌నెట్ కింద ఆడవాళ్లు ఇనుప బల్లల ముందు నిలబడి, కబుర్లు చెప్పుకుంటూ ట్రేలలో కొబ్బరి పొట్టు నింపుతుండడం కనిపించింది. ఎంత మామూలుగా నిలబడి ఉన్నారో! మా పాప ఇప్పుడే నిద్రపోయింది. దాని ఊపిరి ఆడుతోందో లేదోనని మాటిమాటికీ లేచి చూసుకునే నాకు ఇక ఎలాగూ నిద్ర పట్టదు కనుక, మా బల్ల సంగతి రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా వైపు రైతులు మిరప నారును ట్రేలలో పెంచడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న రోజుల్లో, అడవి అంచున ఉన్న మా చేలో నాన్న, పెదనాన్న కలిసి షేడ్‌నెట్ వేశారు. పెత్తనం పెదనాన్నది, గొంతుక్కూర్చుని ట్రేలు నింపే పని అమ్మది. అంతకు ముందు ఏడు అమ్మకు గర్భం నిలవలేదు. మళ్లీ నెల తప్పాక, వంగి పని చేయొద్దని దవాఖానాలో గట్టిగా చెప్పారు. పని మానే వీలు లేదు, అందుకని నాన్న నడుమెత్తు బల్ల ఒకటి చేయాలనుకున్నాడు.

"నిలబడి చేయనీకి నీ పెండ్లాం ఏమన్నా కలెక్టరమ్మనారా? మా అమ్మ నాట్లేసుకుంటనే మనల్ని కన్నది," అని పెదనాన్న కూలీల ముందే నవ్వాడు.

నాన్న ఆ సాయంత్రమే బల్ల పనికి దిగాడు. కొట్టంలో మూలన పడి ఉన్న తాత ఎడ్లబండి చెక్కలు విప్పి, జామాయిల్ గుంజలు కాళ్లుగా పెట్టి, మేకులు కొట్టి బల్ల నిలబెట్టాడు. చెక్కలు టేకువి. మా దగ్గర ఇంట్లో టేకు ఉంటే, అది తాతలనాటిదైనా సరే, ఫారెస్టోళ్లు వచ్చి ఎక్కడిదని అడిగి కేసు పెడతారన్న భయం అందరికీ ఉండేది. ఆ భయంతోనే నాన్న, టేకు రంగు కనిపించకుండా, ట్రాక్టరులోంచి తీసిన పాత ఇంజనాయిలు దాని నిండా పూసేశాడు. ఎండకు ఆ నూనె ఊరి, ట్రేల అడుగు రంధ్రాల్లోంచి పొట్టులోకి ఎక్కింది. బల్ల మీది నారంతా మాడిపోయింది.

పెదనాన్నకు అంతకంటే ఏం కావాలి? బల్లను కాలితో తన్ని బయటికి లాగించాడు.

"రేపటి సంది కిందనే కూసోవాలె. లేదంటే జల్దీ పోయి ఫారెస్టోళ్లను తోల్కొస్త. మొగుడూ పెండ్లాం జైల్ల నిలబడుండ్రి," అన్నాడు.

అమ్మ మర్నాడు పొద్దున్నే నాన్న చేత బల్లకు చిత్రిక పట్టించింది. నల్ల పొర లేచిపోయి టేకు మెరుస్తుంటే, దాన్ని దారిన పోయేవాళ్లకు కనిపించేలా షేడ్‌నెట్ గుమ్మంలోనే వేయించి, పెదనాన్న వచ్చేసరికి దాని ముందర నిలబడింది.

"పిలువుండ్రి బావా. ఈ చెక్కలు ఎవరియంటే మీ నాయినయి అని చెప్త. ఆయన పోయినంక బండి తోలింది ఎవరంటే మిమ్ములనే చూపిస్త. కలిసే పోదాం జైలుకు."

పెదనాన్న మోటారుసైకిలెక్కి వెళ్లిపోయాడు. ఎవరూ రాలేదు. అమ్మ నెలలు నిండేదాకా ఆ బల్ల ముందు నిలబడే నారు పెంచింది. తమ్ముడు పుట్టాడు. చూడడానికి పెదనాన్న మా గడప తొక్కలేదు.

ఇప్పుడు రెండిళ్ల మధ్య రాకపోకలు బాగానే ఉన్నాయి. అమ్మ ఆయనకు కొత్త పచ్చడి పంపుతుంది, తమ్ముడు ఆయన్ని మోటారుసైకిలు మీద దుమ్ముగూడెం తీసుకెళ్తాడు. ఆ రోజుల్లో కోపాలు ముఖం మీదే ఉండేవి, ఎవరి పక్కన నిలబడాలో చిన్నపిల్లకైనా తెలిసేది. ఇప్పుడు అందరూ పాతవన్నీ మరిచి నవ్వుతారు, నన్నూ నవ్వమంటారు. ఆయన ప్రేమగా తమ్ముడి భుజం మీద చెయ్యి వేసినప్పుడల్లా, మీ మాటే చెల్లి ఉంటే ఈ భుజం ఉండేది కాదు కదా అన్న మాట నా నోటిదాకా వస్తుంది.